ఎండాకాలానికో ఇల్లు: బెజవాడ, మదనపల్లె మధ్య మా అనుభవం

రిటైరయ్యాక రెండిళ్ళు అవసరమా అని ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు, ముఖ్యంగా నాతో పనిచేసిన టీచర్లు. ఏప్రిల్ వచ్చేసరికి మేం బెజవాడ ఫ్లాటుకి తాళం వేసి మదనపల్లె వెళ్ళిపోతామని, మళ్ళీ వినాయక చవితి దాటాక గానీ తిరిగిరామని వాళ్ళకి తెలుసు. ఒక్కొక్కరికీ ఫోన్లో మొదటి నుంచీ చెప్పేకన్నా ఒకసారి రాసిపెడితే నయమనిపించింది. నా జవాబు ఒక షరతు మీద అవును. మీరు లేని నెలల్లో ఆ తాళం తీసి లోపలికి వెళ్ళి చూసే మనిషి ఎవరో ముందు తేల్చుకోండి, ఇల్లు తర్వాత చూసుకోవచ్చు. అలాంటి మనిషి లేకపోతే ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. డబ్బు లెక్కలు, టాక్సు లెక్కలు అన్నీ చెప్తాను గానీ అవన్నీ దీని తర్వాతే.

అసలు ఈ ఆలోచన ఎందుకొచ్చిందంటే, మావారికి స్టెంట్ వేశారు. ఆయన ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, ఎండల్లో తిరిగిన మనిషే, కానీ స్టెంట్ తర్వాత మే నెల వచ్చిందంటే మనిషి సగమైపోయేవారు. మా ఫ్లాటు సింగ్ నగర్‌లో, రెండో ఫ్లోరు, అదే పై అంతస్తు. పగలంతా శ్లాబు కాగి, రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి వేస్తే ఇంకా వేడిగానే ఉండేది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. 2015 మే నెలలో వడగాల్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది పెద్దవాళ్ళు, ఎండలో పనిచేసేవాళ్ళు. ఏసీ ఉందిగా అంటారు. ఉంది, ఒక గదిలో. ఆ ఒక్క గదిలో ఇద్దరం రెండు నెలలు తలుపేసుకుని కూర్చుని, కరెంటు పోయినప్పుడల్లా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ టెన్షన్ పడటం ఏం జీవితం.

అమ్మాయి హైదరాబాద్‌లో ఉంది, రమ్మంటుంది, అల్లుడు మంచివాడే. కూతురింట్లో రెండు వారాలు పండగలా ఉంటుంది. నెల దాటితే మాత్రం మనకీ తెలుస్తుంది, వాళ్ళకీ తెలుస్తుంది, ఎవరూ పైకి అనరు. అబ్బాయి డాలస్‌లో ఉంటాడు, ఎండాకాలంలో అక్కడికెళ్తే బెజవాడలో ఉన్నట్టే ఉంటుంది, పైగా కారు నడపడం రాకపోతే కాలు బయటపెట్టలేం.

మావారికి మొదట అరకు మీద మనసు పోయింది. చల్లగా ఉంటుంది, కాఫీ తోటలు, రైలు, అన్నీ బాగానే ఉన్నాయి, కానీ అది ఏజెన్సీ. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమిగానీ ఇల్లుగానీ గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు. "మా బావమరిది పేరు మీద చూసుకుందాం సార్, ఏం కాదు" అని చెప్పే బ్రోకర్లు దొరుకుతారు, వాళ్ళ మాట వినకండి. ఆ చట్టం ఉండాలి కూడా, గిరిజనుల భూములు మనలాంటి వాళ్ళ వేసవి సరదాకి పోకూడదు. తర్వాత హార్స్‌లీ హిల్స్ అన్నారు. 1,265 మీటర్ల ఎత్తు, మే నెలలో కూడా సాయంత్రానికి శాలువా కావాలనిపిస్తుంది, బాగుంటుంది, రెండు రోజులకి. స్టెంట్ ఉన్న మనిషిని పెట్టుకుని, అర్ధరాత్రి ఛాతీలో నొప్పి అంటే ఘాట్ రోడ్డు దిగాల్సిన చోట ఉండటం నా వల్ల కాదన్నాను. అలా కొండ దిగి, కింద ఉన్న మదనపల్లె దగ్గర ఆగాం.

మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. నేను సోషల్ టీచర్ని కాబట్టి ఆ ఊరంటే ముందునుంచీ తెలుసు. పిల్లలకి జనగణమన పాఠం చెప్పినప్పుడల్లా, ఠాగూర్ దాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది 1919లో అక్కడి థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడని చెప్పేదాన్ని. గాలి మంచిదనే వందేళ్ళ కిందట క్షయ రోగుల కోసం శానటోరియం ఆ ఊరి పక్కన కట్టారు, ఇప్పటికీ ఆ చోటుని ఆరోగ్యవరం అనే పిలుస్తారు. అలాగని అదేదో ఊటీ అనుకుని వెళ్ళకండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ బాగానే కాస్తుంది. తేడా ఏమిటంటే చెమట పట్టదు, సాయంత్రం ఆరు దాటితే గాలి మారుతుంది, రాత్రి ఫ్యానుతో నిద్ర పడుతుంది. మే నెలలో మధ్య మధ్యలో ఒక వాన పడుతుంది. మాకు కావల్సింది అంతే. భాష సమస్య లేదు, బెంగళూరు మూడు గంటల్లో ఉంటుంది, తిరుపతీ దాదాపు అంతే.

కొనేముందు అద్దెకి ఉండి చూడాలన్నది నా పట్టు. కరోనా గొడవ సద్దుమణిగాక 2022లో వెళ్ళి ఇల్లు వెతికాం. ఇక్కడే మొదటి చిక్కు. మూడు నాలుగు నెలలకి ఇల్లు ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు, ఎందుకిస్తారు? పదకొండు నెలల అగ్రిమెంటు, అడ్వాన్సు, మనం ఉన్నా లేకపోయినా నెల నెలా అద్దె. సరే అని ఒకటి తీసుకున్నాం. బెజవాడ తిరిగొచ్చాక కూడా అద్దె పంపుతూనే ఉన్నాం, సామాను అక్కడే వదిలేశాం. ఒకరోజు ఓనరుగారు ఫోన్ చేసి, "ఇల్లు ఖాళీగానే ఉంది కదా సార్, మా చుట్టాలది పెళ్ళి, నాలుగు రోజులు వాడుకుంటాం" అన్నారు. అద్దె మేం కడుతున్న ఇంట్లోనే! మావారు మొహమాటానికి సరేనన్నారు. తర్వాత వెళ్ళి చూస్తే నా కుక్కర్ గాస్కెట్ లేదు, దుప్పట్లు మడత మారి ఉన్నాయి, అటక మీద ఎవరివో బిందెలున్నాయి. పెద్ద నష్టమేం కాదు, కానీ అద్దె ఇంటిని నెలల తరబడి మూసిపెడితే అది ఓనరు కంటికి ఖాళీ ఇల్లుగానే కనిపిస్తుంది. ఇంకొకావిడ లీజుకి ఇస్తానంది. బెంగళూరు పద్ధతి, లక్షల్లో ఒకేసారి డబ్బిచ్చేస్తే నెల అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వెనక్కిస్తారు. వినడానికి బాగుంది, కానీ ఖాళీ చేసే రోజున ఆ డబ్బు ఆవిడ దగ్గర ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న. ఇంటి మీద బ్యాంకు అప్పుందని ఈసీలో, అంటే ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే రిజిస్ట్రేషన్ కాగితంలో, చూశాక మేం వెనక్కి తగ్గాం.

అప్పుడు కొనే మాట వచ్చింది. నున్న వైపు నా పేరు మీద పాత స్థలం ఒకటుంది, దాన్ని అమ్మి కొందామన్నాను. ఇక్కడ అమ్మాయి అడ్డుపడింది. తను సీఏ చదవలేదు గానీ లెక్కలు మా అందరికన్నా బాగా వేస్తుంది. "అమ్మా, సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో పరిమితి 15 లక్షల నుంచి 30 లక్షలకి పెంచారు, వడ్డీ 8.2 శాతం. 30 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. ఆ డబ్బుతో ఏటా ఒక కొత్త ఊరు చూడొచ్చు, ఒక్క ఊరికే ఎందుకు కట్టుబడటం" అంది. 2023లో జరిగిన మాట ఇది, లెక్క తప్పేం కాదు. డబ్బు వరకే చూస్తే తను చెప్పిందే నిజం. చిన్న ఊళ్ళో పాత ఇల్లు కొంటే అది పెరిగి మనల్ని కోటీశ్వరుల్ని చేస్తుందనుకుంటే అది వేరే సంగతి, మేం ఆ ఆశతో కొనలేదు. నా జవాబు ఇంకోలా ఉంది. అరవై అయిదు దాటాక ఏటా కొత్త ఊళ్ళో కొత్త డాక్టరు, కొత్త పాలవాడు, కొత్త మంచం అంటే అది విశ్రాంతి కాదు, ఉద్యోగం. మన మంచం, మన గిన్నెలు, మనకి తెలిసిన మందుల షాపు ఉన్నప్పుడే ఊరు మారినా ఒంటికి తెలియదు.

టాక్సు సంగతి మాత్రం చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నా. స్థలం అమ్మితే వచ్చే లాభం మీద పన్ను పడకుండా ఆ డబ్బుతో ఇల్లు కొనుక్కోవచ్చు, 1961 ఆదాయపు పన్ను చట్టంలో అది 54ఎఫ్ సెక్షన్. కానీ స్థలం అమ్మిన రోజున మన పేరు మీద ఒకటికి మించి ఇల్లు ఉండకూడదు. అంటే రెండో ఇంటికి పనికొస్తుంది, మూడో ఇంటికి పనికిరాదు. లాభం వరకే పెడితే సరిపోదు, అమ్మగా వచ్చిన డబ్బు మొత్తం పెడితేనే పూర్తి మినహాయింపు, తక్కువ పెడితే ఆ మేరకే. కొన్న ఇల్లు మూడేళ్ళలోపు అమ్మకూడదు. ఇక రెండు ఇళ్ళుంటే రెండోదానికి అద్దె రాకపోయినా వచ్చినట్టు లెక్కేసి పన్ను కట్టాలని మా పాత హెడ్మాస్టరుగారు భయపెట్టారు. అది పాత మాట. 2019 బడ్జెట్ తర్వాత నుంచి సొంతానికి ఉంచుకున్న రెండు ఇళ్ళకీ ఆ ఊహల అద్దె లెక్క లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు మన రాష్ట్రంలో ఏడున్నర శాతం, ముప్పై లక్షల ఇంటికి రెండు లక్షల పాతికవేలు. ఇంటి ధర బేరమాడేటప్పుడు ఈ మాట గుర్తుండదు, రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కేటప్పుడు గుర్తొస్తుంది.

ఇళ్ళు చూడటం సరదాగా మొదలై విసుగ్గా మారింది. గేటెడ్ కాలనీలో కొత్తది ఒకటి చూపించారు, నిగనిగలాడుతోంది, మెయిన్ రోడ్డుకి చాలా దూరం, చుట్టూ ఖాళీ ప్లాట్లు, ముళ్ళకంప. మావారికి నచ్చింది. "ఇది మూసి వెళ్తే ఎవరు చూస్తారు" అని అడిగాను. "సీసీ కెమెరాలున్నాయి మేడం" అన్నాడు చూపించే అబ్బాయి. కెమెరా దొంగని చూపిస్తుందేమో గానీ పైపు పగిలితే వాల్వు కట్టదు కదా. మన పోలీసుల తాళం వేసిన ఇళ్ళ పథకం, అదే ఎల్‌హెచ్ఎంఎస్, యాప్‌లో చెప్తే మనం ఊరెళ్ళే ముందు ఇంట్లో కెమెరా పెట్టి వెళ్తారు, డబ్బు తీసుకోరు. తిరుపతి, కాశీ వెళ్ళొచ్చే వాళ్ళకి అది చాలా మంచిది. నెలల తరబడి ఇల్లు మూసేవాళ్ళ అవసరం వేరు.

చివరికి మేం కొన్నది పాత ఇల్లు, కింద ఇల్లు, బస్టాండుకి ఆటోలో పది నిమిషాలు. ముందు వాటాలో రెండు గదులు, వంటిల్లు. వెనక వాటా విడిగా ఉంది. అందులో అప్పటికే ఒక కుటుంబం అద్దెకుంటోంది. ఆయన టమాటా మండీలో లెక్కలు రాస్తాడు, ఆవిడ ఇంట్లో చీరలకి కుచ్చులు వేస్తుంది, ఇద్దరు పిల్లలు. అమ్మే ఆయన "కావాలంటే వాళ్ళని ఖాళీ చేయించి ఇస్తాను" అన్నాడు. వద్దు, వాళ్ళుంటేనే కొంటాను అన్నాను. ఆయన వింతగా చూశాడు. అద్దె పెంచలేదు, పైగా కాస్త తగ్గించాం, ముందు వాటా తాళం వాళ్ళ దగ్గరే ఉంచాం. వెనక వాటా అమ్మాయి అన్నమాట ఇప్పటికీ గుర్తే, "మీరు పోయిరాండి మా, మోటరు వారానికొకతూరి నేనేస్తా ఉంటా, లేకుంటే పట్టేస్తాది." మోటరు వాడకుండా వదిలేస్తే పట్టేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. వెనక వాటా వాళ్ళు లేకపోతే మాకు మదనపల్లె ఇల్లు లేదు, అంతే.

ఇల్లు మూయడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొన్నవాళ్ళెవరూ ఇది చెప్పరు. బయల్దేరే ముందు రెండు రోజులు నాకు ఇదే పని. ఫ్రిజ్ ఖాళీ చేసి, మంచు కరిగించి, బేకింగ్ సోడా నీళ్ళతో తుడిచి, తలుపు పూర్తిగా పడకుండా మడతపెట్టిన తువ్వాలు అడ్డం పెట్టాలి. తలుపు మూసేస్తే తిరిగొచ్చేసరికి లోపల నల్లగా బూజు పట్టి ఉంటుంది, ఆ వాసన ఏం చేసినా పోదు. బాత్రూం జాలీల కింద నిలిచే నీళ్ళు నెల తిరిగేసరికి ఆవిరైపోతాయి, ఇక మురుగు వాసన, బొద్దింకలు నేరుగా ఇంట్లోకే. అందుకని ప్రతి జాలీలో చెంబుడు నీళ్ళు పోసి పైన రెండు చెంచాల వంటనూనె పోస్తాను, నూనె తెట్టు కట్టి నీళ్ళు తొందరగా ఆరవు. బియ్యం, పప్పులు ఉంచను, వెనక వాటాకి ఇచ్చేస్తాను. పరుపులు గోడకి నిలబెడతాను. గ్యాసు రెగ్యులేటరు తీసేసి మూత పెట్టాలి. ఇన్వర్టర్ బ్యాటరీ విషయం మావారు చూస్తారు, డిస్టిల్డ్ వాటరు పోసి, నెలకోసారి ఆన్ చేయమని వెనక వాటా అబ్బాయికి చెప్తారు. చెదలు మాత్రం ఎవరి మాటా వినవు. ఒక ఏడు వచ్చేసరికి గోడ బీరువా వెనక చెక్క చేత్తో నొక్కితే పిండిలా రాలింది. అందులో పెట్టింది పాత చీరలు కాబట్టి సరిపోయింది. ఇంటి కాగితాలు, పాస్‌బుక్కులు ఏ ఇంట్లోనూ ఉంచం, బ్యాంకు లాకర్లోనే.

గ్యాసు అన్నాను కదా, రెండో ఇంటికి రెండో కనెక్షన్ కోసం పాట్లు పడకండి. ఐదు కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, దానికి తోడు ఇండక్షన్ స్టవ్, ఇద్దరికి సరిపోతుంది. ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే ఏడాది మొత్తం కట్టేస్తే ఐదు శాతం తగ్గిస్తారు. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్లో మొహం చూపించి ఇవ్వొచ్చు, ఏ ఊళ్ళో ఉన్నా ఒకటే. ఓటు మాత్రం ఒక ఊళ్ళోనే. 2024లో పోలింగు మే 13న పెట్టారు, మేం ఏ ఎండకి భయపడి పారిపోయామో ఆ ఎండలోకే రైలెక్కి వచ్చి, ఓటేసి, ఆ సాయంత్రమే తిరుగు రైలెక్కాం. మావారు "ఎండాకాలంలో ఎలక్షన్లు పెట్టకూడదని పిల్ వెయ్యాలి" అని దారంతా గొణుగుతూనే ఉన్నారు. రైలంటే మచిలీపట్నం నుంచి ధర్మవరం వెళ్ళేది, అది తిరుపతి, పాకాల మీదుగా మదనపల్లె రోడ్డు స్టేషన్లో ఆగుతుంది. స్టేషన్ ఊరికి దూరం, ఆటో తప్పదు. సామాను ఎక్కువైతే తిరుపతిలో దిగి బస్సెక్కడమే మేలు.

సామాను ఎక్కువ అవడానికి కారణం మామిడికాయలు. ఆవకాయ పెట్టే రోజులు, మేం బెజవాడలో లేని రోజులు ఒకటే. మొదటి ఏడు మదనపల్లె మార్కెట్లో కాయలు కొన్నాను. తోతాపురి కుప్పలు కుప్పలు, రసం ఫ్యాక్టరీలకి వెళ్ళే కాయ, పేరుకి మామిడికాయే, ఊరగాయకి పులుపు లేదు, పీచు లేదు, నెల తిరిగేసరికి ముక్క మెత్తబడిపోయింది. ఇప్పుడు బయల్దేరే రోజు పొద్దున్నే బెజవాడలో గట్టి కాయలు ఏరి, అక్కడే టెంకతో కొట్టించి, తుడిచి, ఉప్పూ నూనె పట్టించి డబ్బాల్లో తీసుకెళ్తాను, కారం, ఆవపిండి అక్కడికెళ్ళాక కలుపుతాను. రైల్లో పక్క సీటు వాళ్ళు వాసన పట్టేసి ఎక్కడి కాయలమ్మా అని అడుగుతారు. వెనక వాటా అమ్మాయి మొదటిసారి తిని, "ఇంత కారమేంది మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇప్పుడు తన జాడీ తనే పక్కన పెట్టుకుంటుంది. ఆమె నాకు సంగటి కెలకడం నేర్పింది. నాకిప్పటికీ ఉండ కట్టకుండా రాదు. 2023 జూలైలో దేశమంతా టమాటా కిలో వంద దాటి అల్లాడుతుంటే, ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని చెప్పుకునే ఊళ్ళో ఉండి మేం కూడా చింతపండు చారుతో సరిపెట్టుకున్నాం. అంతకు కొన్ని నెలల ముందు అదే ఊళ్ళో రైతులు రేటు లేక కాయలు పారబోయడం కూడా చూశాం.

నీళ్ళ సంగతి దాచను. కృష్ణ నీళ్ళకి అలవాటుపడ్డ ప్రాణానికి మదనపల్లె బోరు నీళ్ళు కష్టం. పప్పు ఉడకదు, తల అంటుకుంటే నురగ రాదు. ఎండాకాలం ముదిరితే బోరు తగ్గుతుంది, ట్యాంకరు తెప్పించుకోవాలి. సంపు లేని ఇల్లు కొనకండి.

ఇక 2024 సెప్టెంబరు. బుడమేరు కట్టలు తెగి సింగ్ నగర్ మునిగిన సంగతి మీ అందరికీ తెలుసు. ఆ ముందు రాత్రంతా వాన పడుతోందని టీవీలో చూస్తూనే ఉన్నాం, పొద్దున లేచేసరికి ఫోన్లు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంత వరద ఎప్పుడూ రాలేదు. మేమేమో ఐదొందల కిలోమీటర్ల దూరంలో, చవితి అయ్యాక వద్దామని కూర్చున్నాం. మా ఫ్లాటు తాళం ఎదురింటి పంతులుగారి దగ్గర ఉంటుంది. ఆయన ఫోన్ చేసి, "టీచరుగారూ, కిందవాళ్ళ ఇళ్ళలో మంచాలు తేలుతున్నాయి, మీ ఇల్లు తీస్తున్నాను" అన్నారు. అడగలేదు, చెప్పారు. అడగాల్సిన పని లేదు కూడా. నీళ్ళు తీసేదాకా మా ఫ్లాట్లో కింది అంతస్తు కుటుంబాలు రెండు ఉన్నాయి, పసిబిడ్డతో సహా. కరెంటు లేదు, పైన ట్యాంకులో ఉన్న నీళ్ళు పొదుపుగా వాడుకున్నారట, పడవల్లో వచ్చిన పాలు, పులిహోర పొట్లాలు మా వంటింట్లోనే పంచుకున్నారట. మేం తిరిగొచ్చేసరికి ఇల్లు మేం వదిలి వెళ్ళినదానికన్నా శుభ్రంగా ఉంది. కింద పార్కింగులో నా స్కూటీ ఇంజన్లో బురద, దాన్ని పాత ఇనుముకి ఇచ్చేశాం. ఊళ్ళో ఉంటే మాత్రం ఏం చేసేవాళ్ళం, పైగా మావారికి మందులు అందక ఇంకో గొడవ అయ్యేది. ఆ తాళం మాతోపాటు మదనపల్లె తెచ్చుకుని ఉంటే అన్నది తల్చుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆసుపత్రి విషయంలో నేను రాజీపడలేకపోతున్నాను. జ్వరానికి, బీపీకి, షుగరుకి మదనపల్లెలో డాక్టర్లున్నారు, మంచివాళ్ళే. గుండె నొప్పి అంటే మాత్రం తిరుపతి గానీ బెంగళూరు గానీ పరుగెత్తాలి. గుండె విషయంలో మొదటి గంట ఎంత ముఖ్యమో స్టెంట్ వేయించుకున్న ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మేం చేసేది ఇంతే. బయల్దేరే ముందు బెజవాడలో చెకప్, మూడు నెలల మందులు, పాత రిపోర్టుల జిరాక్సు సెట్టు ఒకటి మదనపల్లె ఇంట్లో ఫ్రిజ్ పక్కన గోడకి వేలాడదీసి ఉంటుంది, వెనక వాటా అబ్బాయికి ఆ సంచి ఏమిటో తెలుసు. మీలో ఎవరికైనా గుండె గానీ కిడ్నీ గానీ గట్టి సమస్య ఉంటే చల్లదనం కన్నా ఆసుపత్రి దగ్గరగా ఉండటమే చూసుకోండి, ఇంకో ఏసీ కొనుక్కోండి.

ఒకరం మిగిలితే ఏ ఇల్లు అన్న మాట కూడా అనుకున్నాం, అనుకోక తప్పదు. ఆయన మదనపల్లె ఉంచమంటారు, వరదా లేదు, ఎండా లేదు అని. నేను బెజవాడ అంటాను, నా వాళ్ళూ నా వీధీ అక్కడే ఉన్నాయి కాబట్టి. అబ్బాయి "నాకేదీ వద్దు, అమ్ముకుని హాయిగా తిరగండి" అన్నాడు. వీలునామా మాత్రం రాసి పెట్టాం, రెండూళ్ళలో రెండు ఆస్తులు వదిలేసి పిల్లల్ని ఆఫీసుల చుట్టూ తిప్పడం ఇష్టంలేక.

ఇప్పుడు అసలు సంగతేమిటంటే వెనక వాటా వాళ్ళు సొంతిల్లు కట్టుకుంటున్నారు, శ్లాబు పడింది, వచ్చే సంక్రాంతికి గృహప్రవేశం అంటున్నారు. నాకు సంతోషమే, బట్టలు కూడా కొనిపెట్టాను. కానీ వాళ్ళు వెళ్ళాక ఆ వాటాలోకి ఎవరొస్తారో తెలియదు. ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి వెళ్ళారు, అద్దె ఎక్కువిస్తామన్నారు, ఒక్కరి చేతికీ తాళం ఇవ్వబుద్ధి కాలేదు. వచ్చే ఎండాకాలం లోపు అలాంటి వాళ్ళు దొరక్కపోతే ఇల్లు అమ్మకానికి పెడదామని నేను, మూడేళ్ళ గడువు ఎలాగూ తీరుతుంది. మావారు ఇంకా ఒప్పుకోలేదు, మండీలో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేస్తున్నారు.